తారీఖుల వరసలో కుట్టిన దెయ్యం

దసరా పందిళ్ళు విప్పేసిన మర్నాడు మా ఇంట్లో పుస్తకాలు ఏరుకుంటాం. ఈ ఆచారం పెట్టింది మా మేనత్త. ఆ రోజుల్లో జంషెడ్‌పూర్‌లో ఐదున్నరకే చీకటి పడిపోతుంది. దీపాలు పెట్టినప్పటినుంచి అన్నాలవేళ దాకా ఒకరు పైకి చదవాలి, మిగిలినవాళ్ళు వినాలి. కార్తీకం వెళ్ళేదాకా ఇదే వరస. పుస్తకాలు రెండు ఉండాలి. ఒకటి వెన్ను జలదరించేది, ఇంకోటి దుప్పటిలా వెచ్చగా ఉండేది. మొదటిదాంట్లోంచి ఎంత చదివినా, రెండోదాంట్లోంచి నాలుగు పేజీలైనా చదవకుండా లేవకూడదు. "దెయ్యాన్ని ఇంట్లోకి తెచ్చినోలే గడప దాటించాల," అంటుంది అత్త.

ఏరడం నా పని. ముప్ఫై ఏళ్ళు తెలుగు బడిలో సైన్సు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, పుస్తకం పట్టుకుంటే దయాదాక్షిణ్యాలు ఉండవు. మొదటి పేజీలోనే ఉరుములూ మెరుపులూ కుక్క ఏడుపూ అన్నీ కలిసి వచ్చేస్తే ఆ దెయ్యం పుస్తకం పక్కన పడేస్తాను. వాయించాల్సినవన్నీ విడిదింట్లోనే వాయించేస్తే పీటల మీదకి వచ్చేసరికి ఏం మిగులుతుంది? నిజంగా భయపెట్టే దెయ్యం దీపం వెలుగుతూ ఉండగానే వస్తుంది. తెలిసినవాళ్ళలా గుమ్మంలో నిలబడి మంచినీళ్ళు అడుగుతుంది. దుప్పటి పుస్తకాలకీ నా దగ్గర పరీక్ష ఉంది. అందులో వంట ఉండాలి, వాన ఉంటే మంచిది, ఎవరూ ఎవరికీ నీతులు చెప్పకూడదు. నీతులు చెప్పడానికి ఇంట్లో నేనున్నాను, చాలు.

పోయిన ఏడు మా అమ్మాయి ఈ ఏరడంలో వేలు పెట్టింది. పొద్దున్న ఆఫీసుకెళ్ళి సాయంత్రం ఇంటికొస్తుంది, తెలుగు అర్థమవుతుంది, చదవడం రాదు, నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తుంది. "మమ్మీ, ఇస్ బార్ కుఛ్ సచ్ మే డరావనా నికాలో. ఔర్ ఏక్ రజాయీవాలా భీ," అంది. నిజంగా భయపెట్టేదొకటీ, రజాయి కప్పుకున్నట్టు ఉండేదొకటీ కావాలట. ఫోన్‌లో ఏవో జాబితాలు చూపించింది. అన్నిటి పక్కనా రాలిన ఎర్రటి ఆకులు, గుమ్మడికాయలు, పొగలు కక్కే కప్పులు. మా సిద్ధగోరా పేటలో ఆకులు రాలేది మాఘం దాటాక. ఈ రోజుల్లో రాలేవి పారిజాతాలే. ఆ మాటే అన్నాను. అది నవ్వి, "తో పారిజాతవాలా దే దో," అంది, అయితే పారిజాతాలదే ఇవ్వమని.

గోడవైపు తిరిగి పడుకున్న అత్త అప్పుడు మాట్లాడింది. "ఆ బుక్కు తియ్యే," అంది. "మీ నాయన కుట్టించినాడు కదా, నల్ల అట్టది."

నా చేతిలో ఉన్న పుస్తకం అలాగే ఉండిపోయింది. ఆ నల్ల అట్ట పుస్తకం పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తి నలభై ఐదేళ్ళ పైనే అయింది. చెదలు తినేశాయని అత్తే నాతో చెప్పింది.

ఎందుకు అలా ఉండిపోయానో తెలియాలంటే ఈ ఊళ్ళోనే నేను పెరిగిన బర్మామైన్స్ పేటకి వెళ్ళాలి. నాన్న రైల్వేలో పట్టాలు కలిపే పాయింట్స్‌మన్. రెండు గదుల క్వార్టర్, వెనక వంటిల్లు, ముందు చిన్న వాకిలి, ఆ చివర తడికె గేటు. అత్త నాన్నకి చెల్లెలు. పందొమ్మిదేళ్ళకే భర్త పోయి మా ఇంటికి వచ్చేసింది. అమ్మా ఆవిడా వదినా మరదళ్ళలా కాకుండా ఒక బెంచీ మీద కూర్చున్న బడిపిల్లల్లా ఉండేవారు. వారానికోసారి నాన్న స్టేషన్ పుస్తకాల కొట్టునుంచి తెలుగు వారపత్రిక తెచ్చేవాడు. ఇద్దరూ కలిసి చదివేసి, సీరియల్ కాగితాలు కత్తిరించి పెట్టెలో దాచేవారు. నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా, దసరా వెళ్ళిన వారానికి, అమ్మ జ్వరంతో పోయింది.

నేను అన్నం తినడం మానేశాను. మొండితనం కాదు, ముద్ద గొంతులోకి దిగేది కాదు. అమ్మ అన్నం పెట్టే తీరు వేరు. కలిపిన అన్నాన్ని నిమ్మకాయలంత ముద్దలు చేసి కంచం అంచున వరసగా పేర్చి, ఒక్కో ముద్దలో బొటనవేలితో చిన్న గుంట నొక్కి, ఆ గుంటలో నెయ్యి వేసేది. అత్త పెట్టే అన్నం కుప్పగా ఉండేది. ఆ కుప్ప చూస్తేనే నాకు ఏడుపొచ్చేది. పాలు తాగించేవారు, బిస్కట్లు పెట్టేవారు, డాక్టర్ దగ్గరకి తీసుకెళ్ళారు. నేను మాత్రం ఎండుతూ వచ్చాను.

నాన్నకి ఏం చెయ్యాలో తోచలేదు. తోచనివాడు ఏదో ఒక పని పెట్టుకుంటాడు కదా, పెట్టెలోని ఆ సీరియల్ కాగితాలన్నీ జుగ్‌సలాయిలో ఒక బైండింగ్ ముసలాయన దగ్గరకి తీసుకెళ్ళాడు. వారం తరవాత నల్ల కాలికో గుడ్డ అట్ట వేసిన పుస్తకం ఇంటికి వచ్చింది. "ఆ సాయబు ఎంత నిదానమో! తారీకులు సూసి మరీ కుట్టినాడంట. ఒక్క కాయితం అటూ ఇటూ అవనేదు," అని నాన్న అత్తకి చెప్పడం నాకు గుర్తుంది. ఆ ముసలాయనకి తెలుగు రాదు, అంకెలొచ్చు. మా నాన్న పుస్తకం తెరిచి చూసే మనిషి కాదు. పని సరిగ్గా జరిగిందని ఇద్దరూ అనుకున్నారు.

ఆ సాయంత్రమే అత్త దాన్ని నాకు చదివి వినిపించడం మొదలుపెట్టింది. కథలో ఒక ఇల్లాలు ఏడేళ్ళ కూతురిని వదిలేసి చనిపోతుంది. మునిమాపు వేళ కిటికీ దగ్గరకి వచ్చి ఊచలు పట్టుకుని లోపలికి చూస్తుంటుంది. ఇంట్లోవాళ్ళు తల తిప్పేసరికి ఉండదు, ఊచలకి తడి మాత్రం ఉంటుంది. "తలుపు తియ్యమ్మా," అని కూతురికి ఒక్కదానికే వినబడేలా అంటుంది. పిల్ల గడియ తీస్తుంది. ఆవిడ గడప మీద కాలు పెడుతుంది. అక్కడికి ఆ కాగితం అయిపోయింది.

అత్త కాగితం తిప్పింది. తిప్పి, చదవకుండా చాలాసేపు అలాగే చూస్తూ కూర్చుంది. అప్పుడే ఉక్కు కార్ఖానాలో కరిగిన మడ్డి పారబోసినట్టున్నారు, ఆకాశం ఎర్రబడి మా గోడ కూడా ఎర్రబడింది. దూరంగా షంటింగ్ ఇంజను కదిలితే వంటింట్లో గిన్నెలు సన్నగా మోగాయి. నేను అత్త చీరకొంగు పట్టుకున్నాను. అప్పుడు చదివింది. "అమ్మ పొయ్యి రాజేసింది. పిల్లదాని తల నిమిరి, ఆకలేస్తోందా అని అడిగింది."

"అత్తా, ఆవిడేనా?" అన్నాను.

అత్త నావైపు చూసి, మళ్ళీ పుస్తకంలోకి చూసింది. "ఆవిడే," అంది.

"ఇందాక పేరుంది కదా ఆవిడకి. ఇప్పుడు పేరు లేదేం?"

"పోయినోలకి పేరుండదమ్మా. వరసే ఉంటాది."

ఇవాళ తలుచుకున్నా ఆ మాటకి నా చేతులు చల్లబడతాయి. ఆ వయసులో మాత్రం అది నాకు భయంగా అనిపించలేదు, న్యాయంగా అనిపించింది. చనిపోయిన అమ్మ గడప దాటి లోపలికొచ్చింది, వచ్చి వంట చేసింది. అమ్మలు చేసేది అదే కదా! చదవడం అయ్యాక అత్త నన్ను గేటు వేసి రమ్మంది. వాకిలి చివరికి వెళ్ళి, గొళ్ళెం పెట్టి, చీకట్లో వెనక్కి చూడకుండా పరిగెత్తుకొచ్చాను. అత్త ఇందాక కూర్చున్న చోటే, కళ్ళజోడుతో, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఉంది. వంటింట్లో పీట ముందు కంచం ఉంది. కంచం అంచున వరసగా ముద్దలు, ముద్ద ముద్దకీ గుంట, గుంటలో నెయ్యి.

"నువ్వు పెట్టావా?" అని అరిచాను.

"నానెక్కడ నెగిసేను? ఇక్కడే కూకున్నాను," అంది అత్త, కూర్చున్న చోటునుంచి కదలకుండా.

నేను పీట మీద కూర్చుని అన్నీ తినేశాను. నెయ్యి కొన్ని ముద్దల మీంచి కారిపోయి కంచంలోకి వచ్చింది. చచ్చిపోయినవాళ్ళకి చెయ్యి నిలకడగా ఉండదేమో అనుకున్నాను.

అలా ఐదు శరత్తులు గడిచాయి. మిగతా ఏడాదంతా ఏమీ ఉండేది కాదు. పందిళ్ళు విప్పి, వెదుళ్ళు లారీలకెక్కించి, ఖాళీ మైదానంలో ఒక్క బల్బు వేలాడుతూ మిగిలిందంటే నా గుండె కొట్టుకోవడం మొదలయ్యేది. మిగతా పిల్లలు పండగ అయిపోయిందని మొహాలు వేలాడేసుకునేవారు, నాకు అప్పుడే పండగ. చదవడం, గేటు దాకా వెళ్ళి రావడం, కంచం. కొన్ని సాయంత్రాలు గేటు దగ్గర ఉండగానే వెనక వంటింట్లో గాజుల చప్పుడు వినబడేది. అత్త చేతులకి గాజుల్లేవు. ఆ రోజుల్లో భర్త పోయినవాళ్ళు వేసుకునేవారు కాదు. అందుకని ఆ చప్పుడు అమ్మదే. నేను గొళ్ళెం పట్టుకుని ఆ చప్పుడు ఆగేదాకా వెనక్కి తిరగకుండా నిలబడేదాన్ని. తిరిగితే వెళ్ళిపోతుందని భయం. చూడకపోతే రేపు మళ్ళీ వస్తుందని ఆశ. ఒంట్లో సగం చలేసేది, సగం వెచ్చగా ఉండేది.

ఆ పుస్తకం అత్త నా చేతికి ఎప్పుడూ ఇవ్వలేదు. ఒంటరిగా చదివితే అమ్మకి కోపం వస్తుందనేది. నేను నమ్మాను. ఏం చెప్పినా నమ్మేదాన్ని.

పద్నాలుగో ఏట బడివాళ్ళు డిమ్నా చెరువుకి విహారానికి తీసుకెళ్తామంటే అత్త వద్దంది. నీళ్ళంటే ఆవిడకి భయం. నేను ఇల్లెక్కి అరిచాను. అరిచి, ఆ వయసు పిల్లలు ఎక్కడ కొడితే నొప్పో అక్కడే కొడతారు కాబట్టి, కొట్టాను. "నువ్వు నాకు అత్తవే, అమ్మవి కాదు. మా అమ్మ చచ్చిపోయి కూడా నాకు అన్నం పెట్టింది. నువ్వు బతికుండి ఏం పెట్టావు?"

అత్త బియ్యంలో రాళ్ళు ఏరుతోంది, ఏరుతూనే ఉంది. ఆ దసరా వెళ్ళాక పుస్తకం ఏదని అడిగితే చెదలు తినేశాయంది. ఇంకేవో పుస్తకాలు తెచ్చి చదివింది. గేటు వేసి రమ్మని మాత్రం మళ్ళీ అనలేదు, కంచంలో ముద్దలూ మళ్ళీ కనబడలేదు. అత్త పుస్తకం పోగొట్టబట్టే అమ్మ రావడం మానేసిందని నేను తీర్మానించుకున్నాను. ఆ కోపం చాలా ఏళ్ళు లోపల ఉంచుకున్నాను. పెళ్ళయి సిద్ధగోరా వచ్చేశాక పండగలకి చీర పెట్టాను, జ్వరమొస్తే మందు తెచ్చాను, అన్నీ చేశాను. ఒక్క చిన్న దూరం మాత్రం అలాగే ఉండనిచ్చాను. పిల్లలకి సైన్సు చెప్పేదాన్నే గానీ, చనిపోయిన మా అమ్మ ఐదేళ్ళపాటు నాకు అన్నం పెట్టిందన్న మాట మాత్రం నా మనసులో ఎవరూ చెరపలేని అక్షరం. మా అమ్మాయికి కూడా అలాగే చెప్పి పెంచాను.

నాలుగేళ్ళ కింద, కళ్ళు మసకబారి ఒంటరిగా ఉండలేని స్థితి వచ్చాక, అత్తని నా దగ్గరకి తెచ్చుకున్నాను. ఆవిడతో పాటు రేకుపెట్టె వచ్చింది. నేను దాన్ని మంచం కిందకి తోసేశాను. పోయిన ఏడు ఆ పెట్టెలోనే, ఉన్ని శాలువా మడతలో, ఆ నల్ల పుస్తకం దొరికింది. చెదలు కాదు కదా, ఒక్క చిల్లు లేదు. నాకు కోపం రావాలి. అట్టని కొంగుతో తుడిచాను, అంతే.

తెరవగానే పుస్తకం వీపు పటుక్కున విరిగి కాగితాలు నేల మీద పరుచుకున్నాయి. వంగి ఏరబోతే కనబడింది. ఒక కాగితం నెత్తిన ఒక కథ పేరు. దాని కింది కాగితం నెత్తిన ఇంకో కథ పేరు. మళ్ళీ మొదటి పేరు, మళ్ళీ రెండోది. ప్రతి కాగితం అడుగునా తారీఖు. ఒకే పత్రికలో ఒకే వారం వచ్చిన రెండు సీరియళ్ళు. తెలుగు రాని ఆ ముసలాయన తారీఖులు చూసి, ఏ వారానికి ఆ వారం, దెయ్యం కథ ఒక ముక్క, సంసారం కథ ఒక ముక్క, వరసగా పెట్టి ఎంతో శ్రద్ధగా ఒకే పుస్తకంగా కుట్టేశాడు. తప్పులో కూడా తప్పు వెతకలేనంత నిదానంగా కుట్టాడు.

సంగతి చెబితే మా అమ్మాయి పడీపడీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. కానీ తప్పు కనబడితే ఊరుకునే జాతి కాదు మాది, టీచర్లం. మధ్యాహ్నమంతా నేల మీద కూర్చుని కాగితాలు వేరుచేసి రెండు దొంతులు పెట్టాను.

"ఏటి సేత్తన్నావే?" అంది అత్త, కాగితాల చప్పుడు విని.

"సరిచేస్తున్నా అత్తా. రెండు కథలు కలిపి కుట్టేశాడు ఆయన."

"సెయ్యి, సెయ్యి. తప్పు కనబడితే నువ్వు ఊరుకుంతావేటి," అంది అత్త.

ముందుగా చదివి చూసుకోవడం మా ఇంట్లో నిషేధం. చదివేవాళ్ళకీ వినేవాళ్ళకీ భయం ఒకేసారి తగలాలి. అందుకని ఆ సాయంత్రం దెయ్యం దొంతి తీసి మొదటిసారి ఉన్నది ఉన్నట్టు చదివాను.

పిల్ల గడియ తీసింది. ఆవిడ గడప మీద కాలు పెట్టింది. మరుసటి వారం కాగితంలో పొయ్యి లేదు, వంట లేదు. ఇక్కడినుంచి ఉన్నది అత్త నోట నేనెప్పుడూ వినలేదు. ఆవిడ పిల్ల వెనకాల నిలబడి ఉంది. అంతే. పిల్ల ఎటు తిరిగితే అటు వెనకే. ముట్టుకోదు, మాట్లాడదు, పిల్ల ఊపిరి లెక్కపెడుతూ ఉంటుంది. రోజురోజుకీ పిల్ల ఎండిపోతుంది. మా అమ్మాయి కాళ్ళు మంచం మీదకి లాక్కుంది. నాలుగు సాయంత్రాలు పట్టింది ఆ దొంతి అవడానికి; రెండో దొంతి దాచుకుని, లేచే ముందు నాలుగు పేజీలూ వేరే దుప్పటి పుస్తకంలోంచి చదివాను. ప్రతి సాయంత్రమూ అలవాటు కొద్దీ పక్క కాగితంలో వంటిల్లు వస్తుందని నా కళ్ళు వెతికేవి. వచ్చేది కాదు. నాలుగో సాయంత్రం చివరి కాగితంలో ఆవిడ పిల్ల మణికట్టు పట్టుకుని "పద," అంది. ఎందుకొచ్చిందో అప్పటికి తెలిసింది. పెట్టడానికి రాలేదు. తీసుకెళ్ళడానికి వచ్చింది.

ఆఖరికి తాతగారెవరో పిల్లని విడిపించారు లెండి, కథలన్నాక విడిపిస్తారు. నాకు మాత్రం అది ఎక్కలేదు. చనిపోయినవాళ్ళు కలలో అన్నం పెడితే తినకూడదంటారు మనవాళ్ళు. నేను కలలో కాదు, పీట వేసుకుని, మెలకువగా, ఐదేళ్ళు తిన్నాను. మర్నాడు పొద్దున పారిజాతాలు ఏరుదామని వంగితే నా వెనక ఎవరో నిలబడినట్టు అనిపించి, ఖాళీ బుట్టతో లోపలికి వచ్చేశాను. అరవై దాటిన మనిషిని. ఎవరితో చెప్పుకోను? ఆ రోజంతా తొమ్మిదేళ్ళ పిల్లగా గేటు గొళ్ళెం పట్టుకుని నిలబడ్డ చోటే నిలబడి ఉన్నాను. వెనక మోగిన గాజులు ఇప్పుడు వేరేగా వినబడుతున్నాయి.

సాయంత్రం దుప్పటి దొంతి తీసే ముందు ఉండబట్టలేక అడిగేశాను. "అత్తా, అమ్మ అప్పట్లో ఎందుకొచ్చింది? నన్ను తీసుకెళ్ళడానికేనా?"

అత్త మంచం మీద లేచి కూర్చుంది. చూపు ఆనని కళ్ళతో నావైపు తిరిగింది. "ముందల సదువు," అంది. "సదివి అప్పుడు అడుగు."

మొదటి కాగితం తీశాను. ఆ వాక్యం నాకు కంఠస్థమే. కాగితం మీద మాత్రం ఇలా ఉంది: "అత్తయ్య పొయ్యి రాజేసింది. పిల్లదాని తల నిమిరి, ఆకలేస్తోందా అని అడిగింది."

కింది వాక్యం చూశాను, అత్తయ్య. కాగితం తిప్పాను, అత్తయ్య. అన్నగారింట్లో ఉంటున్న ఒక ఆడబడుచు కథ అది. ప్రతి పేజీలోనూ ఆవిడ వండుతోంది, జడలు వేస్తోంది, జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేస్తోంది. ప్రతి పేజీలోనూ బతికే ఉంది. ఐదేళ్ళు, ఆ మాట వచ్చిన ప్రతిచోటా, మా అత్త తన నోటితో దాన్ని తీసేసి అమ్మ అని చదివింది.

"క్యా హువా మమ్మీ?" అంది మా అమ్మాయి.

"మీ యమ్మ రానేదే," అంది అత్త నాతో. "ఒక్కపాలీ రానేదు. భయపడకు."

"మరి ముద్దలు?"

"నువ్వు గేటుకాడికి ఎల్లొచ్చేలోపు ఎంతసేపు? ముందలే కలిపి పొయ్యెనకాల దాసీదాన్ని. తొలి రోజుల్లో నెయ్యి కారిపోయీది. మీ యమ్మలాగ గుంట నొక్కడం నాకు సేతనయ్యీది కాదు. వారం పట్టింది."

"గాజులు? గాజుల చప్పుడు విన్నాను కదా నేను."

అత్త తన ఒట్టి మణికట్టు ఒకసారి తడుముకుంది. "మీ యమ్మవి. డబ్బాలో ఉండీవి. నువ్వు గేటుకాడ ఉన్న కాసేపూ ఏసుకునీదాన్ని. మళ్ళీ తీసీదాన్ని. మీ నాయన సూత్తే ఏటనుకుంతాడో అని మా భయంగా ఉండీది."

ముప్ఫై ఏళ్ళయినా నిండని మనిషి. గాజులు వేసుకోకూడని మనిషి. చీకటి వంటింట్లో చచ్చిపోయిన వదిన గాజులు వేసుకుని, నాకు వినబడేలా కదిపి, నేను వచ్చేలోపు తీసేసి, ఏమీ తెలియనట్టు వచ్చి కుర్చీలో కూర్చునేది. నేను ఆ అన్నం తిని అమ్మకి దండం పెట్టుకునేదాన్ని.

"ఆవేళ నేనలా అన్నప్పుడైనా చెప్పొచ్చు కదా," అన్నాను. "బతికుండి ఏం పెట్టావని అన్నాను నిన్ను."

"సెప్తే నీకెవులు మిగుల్తారే? మీ యమ్మ పోద్ది. నామీద ఎలాగా కోపమే." అత్త దుప్పటి అంచు సరిచేసుకుంది. "బుక్కు దాసీసినాను. పెద్దదానివయ్యావు, ఇంక అన్నం నీయంతట నువ్వే తింతావని."

నాకు ఏడుపొచ్చింది. ఊరికే కళ్ళు తడవడం కాదు, కాగితాలు పక్కన పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని, కూతురి ముందు సిగ్గు లేకుండా ఏడ్చాను. అమ్మ పోయినప్పుడు ఇలాగే ఏడ్చి ఉంటాను. ఇది అమ్మ కోసం కాదు. పోయినావిడకి నేను ఇచ్చినవన్నీ, కృతజ్ఞత, దండాలు, నా కూతురికి చెప్పిన కథలు, అన్నీ ఎవరివో వాళ్ళు నాకు రెండడుగుల దూరంలో, ఉన్ని శాలువా కప్పుకుని కూర్చుని ఉన్నారు.

అత్త చెయ్యి గాల్లో నాకోసం వెతికింది. నా తల దొరికాక అక్కడే ఆగింది.

"ఓలే గుంటా, ఏటా ఏడుపు? నానింకా ఉన్నాను కదేటి," అంది. "సదువు. అత్తయ్య అనే సదువు."